ఆమెన్ దాకా

“డాడీ, మమ్మీ పిలుస్తున్నది.”

మోకరించి ఉన్న బ్యూలా చెంప మీద నతానియేల్ చెయ్యి పడింది.

“ప్రార్థనల మాటలేంది? ఆమెన్ అనే దాకా కండ్లు తెర్వద్దు, లేవద్దు. సౌలు రాజు సంగతి ఇప్పుడే చెప్పిన గదా? మాట విననందుకు దేవుడు రాజ్యమే గుంజుకున్నడు.”

ఆయన మౌలాలి చర్చిలో సంఘపెద్ద. మళ్లీ కళ్లు మూసుకుని గొంతెత్తాడు.

“ప్రభువా, నా బిడ్డకు వినే చెవులు దయచేయి. విధేయత నేర్పించు...”

వంటింట్లో ఏదో పడిన చప్పుడు ఆ గొంతు కింద అణిగిపోయింది. కాసేపటికి పాలు మాడిన వాసన వచ్చింది.

“ప్రేమా, ఏం జేస్తున్నవ్?” అని విసుక్కుంటూ ప్రార్థన మధ్యలోనే లేచి వెళ్లాడు.

ప్రేమమణి నేల మీద పడి ఉంది. చెయ్యి ఛాతీని పట్టుకునే ఉంది. ఊపిరి లేదు.

“బ్యూలా! మమ్మీ పిలుస్తుంటే ఎందుకు పోలేదే? ఇటు రా!”

ముందుగదిలోకి పరుగెత్తాడు. పిల్ల ఇంకా మోకాళ్ల మీదే ఉంది. చేతులు జోడించి, కళ్లు గట్టిగా మూసుకుంది. చెంప మీద వేళ్ల అచ్చులు ఎర్రగా తేలాయి.

“లేవవే!”

“నువ్వింకా ఆమెన్ అనలే, డాడీ.”