రంగు పోయిన స్ఫటికం

ఆకుల్లోని రాగి ప్రోటీనును స్ఫటికంగా పెంచి, ఇంటింటా కరెంటు కోసం కిటికీలో పెట్టుకునే కాలమది. జ్వరం తగ్గి వారానికి మంచం దిగిన సన్యాసమ్మ, టిఫిన్ కొట్టు తెరవగానే గుండెలు బాదుకుంది. కిటికీలో నీలంగా ఉండాల్సిన స్ఫటికం రంగు పోయి గాజుముక్కలా ఉంది. రాగి బిందెలు తోమిన చెయ్యి కదా, వెంటనే చింతపండు అందుకుంది.

కోడలు హైమావతి పరుగెత్తుకొచ్చింది. "ఆగత్తా! పులుపు తగిల్తే నిజంగానే పాడైపోద్ది. కొట్టు మూసి రోజులబట్టి వాడక, కరెంటు లోపలే నిండిపోయి రంగు పోనాదంతే."

గ్రైండరు వేసింది. నానిన మినప్పప్పు నలుగుతున్న కొద్దీ స్ఫటికం అంచుల నుంచి నీలం పాకుతూ వచ్చింది.

సన్యాసమ్మ చింతపండు పక్కన పెట్టి, కోడలి వైపు తిరిగింది.

"పని లేకపోతే రాయికే రంగు పోద్దని తెలిసీ, నన్నెందుకే మంచం దిగనియ్యలేదు? జరుగు, పిండి నేను చూసుకుంటాను."