కొసరు లేని ఆట

"లెట్!" అంది అంపైరు ఎత్తు కుర్చీలోంచి జ్ఞానమణి.

"లేటా? నేనా లేటు?" వాసుదేవ్ సర్వీసు గీత మీదే భగ్గుమన్నాడు. "బంతి కొట్టినోడు లేటెట్ల అయితాడు టీచరమ్మా? లేటంతా అవతలి పక్క ఉండాది, సూడు!"

"లేటు కాదప్పా, లెట్టు. నీ బంతి నెట్టుకు తగిలింది. మళ్లీ ఎయ్యి."

బెంచీల మీద జనం గొల్లుమన్నారు.

"ఓహో! నాది లెట్టు, ఆయనది లేటు. నా లెట్టు నీకు చెవుల్లో పడతాది, ఆయన లేటు కండ్లల్లో పడదు!"

ఆయనంటే వెంకటేశ్వర్లు. రాజంపేట దగ్గర మామిడి తోటల ఆసామి. కడపలోని ఈ క్లబ్బులో ఏటా టెన్నిస్ కప్పు పట్టుకుపోయే మనిషి. ఇవాళ ఫైనల్లో మాత్రం పాయింటు అయిందంటే చాలు, అవతలి కొసన వంగి బూట్లు సర్దుకుంటున్నాడు. లేస్తాడు, తువ్వాలుతో మొహం తుడుచుకుంటాడు, ఏదో మరిచిపోయినట్టు మళ్లీ వంగుతాడు.

వాసుదేవ్‌కు ఊళ్లో బట్టల కొట్టు. టెన్నిస్ మీద అతని అభిప్రాయాలు కొట్లో తానులకన్నా ఎక్కువ. ఒకటి విప్పాడంటే మళ్లీ మడతపెట్టడం అతనికే చేతకాదు.

"టీవీలో పెద్ద పెద్ద ఆటలు సూస్తాండావు గదా టీచరమ్మా. గీతల సంగతి యంత్రం సూసుకుంటాంది. పాయింటుకూ పాయింటుకూ నడుమ ఇరవై అయిదు సెకన్లని గడియారం ఎదురుగ్గా పెట్టినారు. అయినా ఆ గడియారం ఎప్పుడు నొక్కాలనేది అంపైరు విచక్షణంట! పేరున్నోడు మంచి షాటు కొడతాడు, జనం చప్పట్లు కొడతారు. ఆ చప్పట్లు ఆగేదాకా అంపైరు గడియారం నొక్కడు. అంటే ఏమప్పా? పేరున్నోడికి ఊపిరి కొసరు, ఊరూపేరూ లేనోడికి తూకం సరి!"

"నీ కొట్లో కొసరియ్యవా శెట్టీ?" వంగినవాడు వంగినట్టే అడిగాడు వెంకటేశ్వర్లు.

"చీరకు జాకెట్టు గుడ్డ కొసరిస్తా. కోర్టులో మాత్రం మూరంటే మూరే! విచక్షణలో ఉండే క్షణాలన్నీ నీకేనా అన్నా?"

"లేసు ఊడితే కట్టుకోనియ్యాల. అది నా విచక్షణే," అంది జ్ఞానమణి. ముప్పై ఏళ్లు బడిలో డ్రిల్లు టీచరుగా చేసిన గొంతు అది, దానికి మైకు అక్కర్లేదు. "అయినా నీ మాట కాదనేదెందుకు. వెంకటేశ్వర్లూ, ఇది హెచ్చరిక. ఇంకోసారి ఆలస్యమైతే పాయింటు పోతుంది."

"సరే టీచరమ్మా," అన్నాడు వెంకటేశ్వర్లు బుద్ధిగా.

వాసుదేవ్ తొందరకు కారణం వేరే ఉంది. నాలుగు నెలల కిందట అతని గుండెకు స్టెంటు వేశారు. క్లబ్బులో మాత్రం, మూడు నెలలు మంత్రాలయంలో ఉండి రాఘవేంద్రస్వామి సేవ చేసుకుని వచ్చానని చెప్పాడు. నిజం తెలిస్తే ఇంకేముంది, పేకాట గదిలో పెద్దలపక్కన కుర్చీ వేసి చేతికి మజ్జిగ గ్లాసు ఇస్తారు. ఆడొచ్చన్నాడు డాక్టరు, ఆయాసం వస్తే నిలబడిపోవాలని కూడా అన్నాడు. ఆ రెండో మాట పొద్దున భార్య సుందరలక్ష్మి మరీ మరీ గుర్తు చేసింది. అందరి ముందూ నిలబడి రొప్పితే గుట్టు రట్టే కదా! అందుకే ఒట్టు పెట్టుకున్నాడు. ఈ ఫైనల్ ఎక్కడా ఆగకుండా ఆడాలి. అప్పుడే తానింకా ఆటగాడు.

చివరి సెట్టు చివరికొచ్చింది. బంతి అటూ ఇటూ చాలాసేపు తిరిగి తిరిగి, చివరికి వెంకటేశ్వర్లు కొట్టింది నెట్టులో పడింది. ఇంకొక్క పాయింటొస్తే కప్పు వాసుదేవ్‌దే. గుండె దరువు చెవుల్లో వినిపిస్తోంది. బంతి ఎంచుకుంటున్నట్టు నటిస్తూ కంచె వైపు తిరిగి రెండు గుక్కల ఊపిరి మింగాడు. ఇటు తిరిగి చూస్తే ఇంకేముంది, అవతల మళ్లీ వంగుడే!

"టీచరమ్మా! నేను సర్వీసుకు నిలబడ్యా. ఆయన ఇంకా నేల సూస్తాండాడు. రూలు!"

జ్ఞానమణి కుర్చీలోంచి ముందుకు వంగింది. "వెంకటేశ్వర్లూ, లెయ్యప్పా. ఇప్పుడు పాయింటు పోతే మ్యాచ్చే పోతుంది."

వెంకటేశ్వర్లు తలెత్తి వాసుదేవ్ మొహంకేసి చూశాడు. చెమటలు కారుతున్న ఆ మొహాన్ని తీరిగ్గా చూసి, మళ్లీ తల వంచాడు.

"పోతే పోనీ టీచరమ్మా. శానా చిక్కు పడింది, ఇంకొంచెం సేపు పడతాది."

"పాయింటు వాసుదేవ్‌ది. ఆట వాసుదేవ్‌ది!"

వాసుదేవ్ రాకెట్టు గాల్లోకి ఎత్తాడు. "సూసినారా! విచక్షణ ఓడింది, రూలు గెలిచింది! ఇట్లాంటి అంపైరింగే కావాల లోకానికి!" అంటూ నెట్టు దగ్గరికి నడిచాడు. వెంకటేశ్వర్లు నవ్వుతూ వచ్చి చెయ్యి కలిపాడు.

అంతలో సుందరలక్ష్మి గేటు తోసుకుని కోర్టులోకి వచ్చింది. మొగుణ్ని దాటుకుని పోయి వెంకటేశ్వర్లుకు రెండు చేతులూ జోడించింది. "మీ మేలు ఈ జన్మలో మరిచిపోనన్నా."

"గెలిచినోణ్ని ఈడ నేనుంటే, ఓడినోడికి దండాలేందే?" అన్నాడు వాసుదేవ్.

జ్ఞానమణి కుర్చీ దిగి వచ్చింది. బెంచీల దాకా వినబడేట్టు అడిగింది.

"మంత్రాలయం పోయొచ్చి పరిమళ ప్రసాదం పంచనోణ్ని ఈ సీమలో యాడన్నా సూసినారా అప్పా? ఈయన అన్ని నెలలు సేవ చేసొచ్చినానని చెప్పె, ఒక్క ముక్క మా చేతిలో పెట్టకపాయె! అనుమానమొచ్చి ఆ రోజే సుందరలక్ష్మికి ఫోన్ చేసినా. స్టెంటు సంగతీ, డాక్టరు చెప్పిన సంగతీ అన్నీ చెప్పి ఏడ్చింది. నేను పోయి వెంకటేశ్వర్లుకు చెప్పినా."

వాసుదేవ్ నోరు వెళ్లబెట్టాడు. "అంతా తెలిసీ... ఆపకుండా ఆడనిచ్చినారా నన్ను?"

జ్ఞానమణి నెట్టు అవతల ఉన్న వెంకటేశ్వర్లు కాళ్ల వైపు వేలు చూపించింది.

ఆ బూట్లకు లేసులే లేవు.