బుడంకాయ పెంపకం

బల్లల మీద పాత పేపర్లు పరవాలి. పిల్లిని కిటికీ వైపు, చిలకను తలుపు వైపు పెట్టాలి. నీళ్ల గిన్నెలు సర్దాలి. పశువుల డాక్టరుకు కుర్చీ వెయ్యాలి. పెద్ద టీచరుగారికి తుమ్ములు రాకుండా కుందేలును ఆవిడకు ఆమడ దూరంలో ఉంచాలి. అన్నిటికన్నా ముఖ్యంగా, ఏ పిల్లా చేతులూపుకుంటూ వచ్చి నలుగురిలో చిన్నబోకుండా చూడాలి.

మూడో తరగతి టీచరు ఈ పనులన్నీ నోట్లో వల్లెవేసుకుంటూ, నడుము దాటిన జడను ముడేసుకుని రంగంలోకి దిగింది. పిల్లలు ఇంట్లో పెంచుకునే ప్రాణులను ఒకరోజు బడికి తేవాలన్నది, అందరూ మెచ్చినదానికి బహుమతి ఇవ్వాలన్నది ఆమె ఆలోచనే.

"లేనిపోనివన్నీ నెత్తికెక్కించుకుంటున్నావమ్మా!" అన్నారు పెద్ద టీచరుగారు తన కొప్పు సర్దుకుంటూ.

అన్నట్టే అయింది. మేకపిల్ల హాజరుపట్టీ అంచు నమిలేసింది. పిల్లి బీరువా ఎక్కి దిగనంది. చిలక ఇంట్లో నేర్చుకున్న తిట్లన్నీ పశువుల డాక్టరుకు వరసపెట్టి అప్పజెప్పింది. ఆయన టోపీ తీసి, అద్దంలా మెరిసే గుండు తుడుచుకుని, "గొంతుకేం ఢోకా లేదు" అన్నాడు.

అప్పుడొచ్చింది బుడంకాయ. తరగతిలో అందరికన్నా పొట్టి కాబట్టి ఆ పేరు. ఒక జడ చెవి మీద, ఇంకోటి మెడ మీద. తనే వేసుకున్నట్టుంది. చేతులు రెండూ ఖాళీ.

టీచరు భయపడ్డదే జరిగింది.

"ఏమే, నీదేదీ?" చిలక తెచ్చిన కుర్రాడు అడగనే అడిగాడు.

"తెచ్చాను."

"ఎక్కడ? జేబులోనా?"

"నీకెందుకు చూపించాలి? దానికి సిగ్గు. ఇలా అరిస్తే అస్సలు బయటికి రాదు."

"కోతలు! బుడంకాయ కోతలు!" తరగతంతా గొల్లుమంది. బుడంకాయ కింది పెదవి వణికింది.

టీచరు గబగబా వచ్చి ఆ పిల్ల ముందు మోకాళ్ల మీద కూర్చుంది. "ఇంట్లో ఏమీ పెంచుకోనివ్వలేదా తల్లీ?" అంది చిన్నగా.

"అమ్మ వద్దంది టీచర్. అరిచేది వద్దు, కంపు కొట్టేది వద్దు, ఇల్లు పాడుచేసేది వద్దు, పైసా ఖర్చయ్యేది అసలే వద్దంది. ఆఖరికి ఇది దొరికింది."

"మరి అమ్మకు తెలుసా?"

"అమ్మో! కంటపడితే చంపేస్తుంది."

"ఎక్కడ పడుకుంటుంది?"

"నాతోనే. నన్నొదిలి ఒక్క క్షణం ఉండదు."

"తిండో?"

"నాకున్నదాంట్లోనే దానికింత. పాపం, పెద్దగా ఏం తినదు."

టీచరుకు కళ్లు చెమర్చాయి. లేని ప్రాణిని ఊహించుకుని, దానికి తన కంచంలోంచి వాటా పెడుతోంది పసిది! ఈ పిల్లను నవ్వులపాలు కానిస్తే తను టీచరేమిటి? చటుక్కున లేచి నిలబడింది.

"ఒరేయ్, ఆపండి నవ్వులు! నాకు కనిపిస్తోంది. ఎంత ముద్దుగా ఉందో!"

బుడంకాయ ఉలిక్కిపడింది. "కనిపిస్తోందా? ఎక్కడ టీచర్?"

"అదుగో, నీ భుజం మీద."

"అయ్యయ్యో, దిగిపోయిందా!" బుడంకాయ కంగారుగా భుజం తడుముకుంది. "మీ అరుపులకే బెదిరిపోయుంటుంది!"

ఆ కంగారు చూసి పిల్లల నవ్వు టక్కున ఆగిపోయింది. కొందరు మెడలు సాచారు. మేకపిల్లను తెచ్చిన అమ్మాయి, "అవును టీచర్, నాకూ కనిపించింది!" అంది, ఎక్కడ వెనకబడిపోతానోనని.

డాక్టరు కూడా వంత పాడాడు. "జబ్బూ గిబ్బూ ఏమీ లేదు కదమ్మా?"

"లేదండీ, దిట్టంగా ఉన్నాయి. మొదట ఒక్కటే. ఇప్పుడు పెద్ద సంసారం."

"అయితే నాకో పిల్లనివ్వు. పెంచుకుంటాను."

బుడంకాయ ఆయన్ను ఎగాదిగా చూసి, జాలిగా పెదవి విరిచింది. "మీ దగ్గర బతకవండీ."

డాక్టరు మొహం చిన్నబోయింది. "అదేంటమ్మా! జంతువులను బాగుచెయ్యడమే కదా నా పని!"

"ఏమనుకోకండి. టీచరుకైతే ఇస్తాను. పెద్ద టీచరుగారికి కూడా."

"నాకూ!" "నాకే ముందు!" అంటూ పిల్లలు మీద పడ్డారు.

చిలక కుర్రాడు చివరిదాకా బిగబట్టి, ఇక ఉండలేక దగ్గరికొచ్చాడు. "నాకూ ఒకటివ్వవే. నా చిలకను పట్టుకోనిస్తా."

"తోసుకోకండి, అందరికీ సరిపోతాయి," అంది బుడంకాయ రాణిగారిలా.

బహుమతి ఎవరికన్న ప్రశ్నే రాలేదు. పెద్ద టీచరుగారు రంగు పెన్సిళ్ల పెట్టె బుడంకాయ చేతిలో పెట్టి, ఎప్పుడూ లేనిది ఆ పిల్లను ఎత్తుకుని ముద్దాడారు. ఫోటో తీసే పని డాక్టరుకు పడింది. "దగ్గరగా రండి, ఇంకా దగ్గరగా! ఒకరినొకరు ఆనుకోండి!" అని అరుస్తూనే ఉన్నాడు. బుడంకాయ మధ్యలో. ఒకవైపు టీచరు, ఒకవైపు పెద్ద టీచరుగారు, చుట్టూ పిల్లలు గుంపుగా, ఒకరి మీద ఒకరు.

సాయంత్రం టీచరు పేపర్లు ఎత్తి, మేక నమిలిన హాజరుపట్టీ అతికించుకుంది. అనుకున్న పనుల్లో ఒక్కటీ అనుకున్నట్టు జరగలేదు, ఆ ఆఖరిది తప్ప. బుడంకాయ ఎగురుకుంటూ ఇంటికెళ్లింది. కంటికి కనబడనిదాన్ని కూడా అంత ప్రేమగా సాకిన ఆ పిల్లను ఈ జన్మలో మరిచిపోకూడదనుకుంది టీచరు.

మీరు కూడా, తల దురద పెట్టినప్పుడల్లా, బుడంకాయను తలుచుకోండి.