ఏడుపు రాగం అడిగినవాడు

"అమ్మా, మీరు రాగం తీసి ఏడుస్తరట. ఒక్కసారి మీ నోటెంట వినాలని వచ్చిన."

బీడీలు చుడుతున్న నర్సవ్వ చేతులు ఆగిపోయాయి.

గుమ్మం ముందు ముప్పై ఏళ్ల మనిషి. భుజానికి వయొలిన్ పెట్టె. చెప్పులు దూరంగా విప్పి, ఆ ఇంట్లో ఎవరో పోయినట్టు తల వంచుకుని నిలబడ్డాడు.

"ఎవలు నువ్వు?"

"సాయికిరణ్ అంటరు. మాది కామారెడ్డి. చిన్నప్పటిసంది కచేరీ సంగీతం నేర్చుకున్న. ఇప్పుడు అన్ని తీర్ల పాటల ఎంట తిరుగుతున్న. డోంగ్లిల మరాఠీ భజనలు, బీబీపేటల ఒగ్గు కథ... విన్నదల్లా ఫిడేలు మీదికి తెచ్చుకుంటున్న."

ఎల్లారెడ్డి చుట్టుపక్కల ఎవరింట్లో చావు జరిగినా నర్సవ్వకు కబురొచ్చేది. పోయినవాళ్ల నడకా నవ్వూ తలుచుకుంటూ ఆమె రాగం తీస్తే పగవాళ్లు కూడా కండువాతో కళ్లు ఒత్తుకునేవాళ్లు. కానీ ఇల్లు వెతుక్కుంటూ వచ్చి ఆ రాగం అడిగినవాడు ఇంతవరకూ లేడు.

"ఎవలు సచ్చిండ్రని ఏడ్వాలె బిడ్డా?"

అతను ఆమె నుదుటి బొట్టు వైపు ఒకసారి చూసి, చూపు తిప్పుకున్నాడు.

నర్సవ్వ బీడీల చాట పక్కకు నెట్టింది.

"సావు లేని ఇంట్ల ఆ రాగం తియ్యద్దు. తీస్తే సావును పిలిచినట్టే. మా ఆయన దుబాయిల ఉన్నడు. ఇయ్యాల్నో రేపో వస్తడు. నువ్వు పో."

"ఫోన్ చేస్తున్నడా అమ్మా?"

"కంపెనీ మారిండు. ఫోన్ లేదు. గయన్ని నీకెందుకు?"

అతను ఏదో చెప్పబోయి ఆగాడు. చెప్పులు తొడుక్కుని వెళ్లిపోయాడు.

ఆ పూటంతా బీడీలకు చుడుతున్న దారం ఊరికే తెగిపోతోంది.

మరిది తిరుపతికి చెప్పింది.

"వాడా? పోచారం రోడ్డు పొడుగునా నీ ఇల్లు ఎక్కడని అడుక్కుంట వచ్చిండట. మల్లొస్తే నాకు చెప్పు వదినె."

మర్నాడు పొద్దున్నే మళ్లీ వచ్చాడు. ఈసారి గుమ్మం దాకా రాలేదు. ఎదురింటి అరుగు మీద కూర్చుని, కళ్లు మూసుకుని ఫిడేలు కమాను అందుకున్నాడు.

వాకిలి ఊడుస్తున్న నర్సవ్వ చేతిలోంచి చీపురు జారిపోయింది.

అది ఆమె రాగమే.

చివర గొంతు విరిచి, ఊపిరి బిగబట్టి, మళ్లీ కిందినుంచి అందుకోవడం... ఆ విరుపు తల్లి పోయిననాడు తనకు తెలియకుండానే ఆమె గొంతులోకి వచ్చింది. ఇంకెవరికీ రాదు.

అతనేమో ఆమె రాగం ఇప్పటిదాకా విననేలేదు.

"ఎవలు నేర్పిండ్రు నీకు? నా రాగం నీకెట్ల దొరికింది?"

"చెప్తనమ్మా. చెప్పుటానికే వచ్చిన. జర కూసోండ్రి."

అతని కళ్లనిండా నీళ్లు. ఆ నీళ్లు చూశాక ఆమెకు భయం ఇంకా పెరిగింది.

"తిరుపతీ! నా ఇంటి మీదికి సావును తెచ్చిండు వీడు!"

తిరుపతి పరుగున వచ్చి కాలర్ పట్టుకున్నాడు.

"మా వదినె మీద బాణామతి చేస్తున్నవారా?"

పెనుగులాటలో వయొలిన్ రాళ్ల మీద పడింది. మెడ దగ్గర విరిగింది.

"అన్నా, అమ్మతోని ఒక్క మాట చెప్పి పోత."

"చెప్పకు! నువ్వేం చెప్పకు!" నర్సవ్వ రెండు చెవులూ మూసుకుంది.

అతను విరిగిన ముక్కలు ఏరుకుని, చేతులు జోడించి, కామారెడ్డి బస్సెక్కాడు.

బస్సు మలుపు తిరిగాక, శవం లేచిన వాకిలిని కడిగినట్టు నర్సవ్వ బిందెలకొద్దీ నీళ్లు కుమ్మరించింది.

వారం తిరగకముందే ఫోన్ మోగింది.

"అక్కా, నేను భూమయ్యను, దుబాయినుంచి. మీ ఆయన హనుమాండ్లన్న, నేను ఒక్కటే రూముల ఉంటుంటిమి. సాయికిరణ్ మీ ఇంటికి వచ్చిపోయిండు గదా? ఇయ్యాల వాపసు విమానం ఎక్కిండట, ఫోన్ కలుస్తలేదు."



"ఆ ఫిడేలు పిల్లగాడా?"

"ఆ, ఆయనే. మా హోటల్ల వాయిస్తడు. అరబ్బుల పాటలు, గజళ్లు, ఏదంటే అది. అన్న వంటింట్ల గిన్నెలు కడుక్కుంట నీ రాగం తీస్తుండె. ఆ పిల్లగాడు వెంటబడి నేర్చుకున్నడు."

నర్సవ్వ గోడకు ఆనుకుంది.

"ఇగ మా ఆయన... ఏడున్నడు తమ్మీ?"



"అంటే... సాయికిరణ్ చెప్పలేదా అక్కా?"

"చెప్పనియ్యలే. నువ్వు చెప్పు."

"అన్న లేడక్కా. పని చేసుకుంటనే గుండె పట్టుకుని పడిపోయిండు. కాగితాలు లేని మనిషాయె, ఊరికి పంపుడు కాలే, ఈడనే కాలవెట్టినం. ఇది ఫోన్ల చెప్పే ముచ్చట కాదు, నేను ఆమె ముందట కూసోని చెప్తనని ఆ పిల్లగాడు బయలెల్లిండు."

ఆమెకు ఏడుపు రాలేదు. ఊరందరి చావులకూ పలికిన గొంతులోంచి గాలి కూడా రాలేదు. చివరికి ఒకే ఒక్క మాట వచ్చింది.

"ఆయన కోసం ఎవలన్న ఏడ్చిండ్రా తమ్మీ?"

"ఏడ్వటానికి ఆడమనిషి లేకపాయె. సాయికిరణే కాష్ఠం పక్కన నిలబడి నీ రాగం వాయించిండు."

భూమయ్యే మళ్లీ అన్నాడు.

"కొడుకు లేని లోటు తెలువనియ్యలే అక్కా, అన్నకు తలకొరివి పెట్టింది గుడ ఆ పిల్లగాడే."