అత్తగారి స్టీరింగ్

ఆ రోజు పోయినవి రెండు. పడవ ముక్కు మీద జానెడు పెచ్చు, కోడలి ధైర్యం.

పెచ్చు ఊడినచోట అత్తగారు సాయంత్రానికల్లా అతుకు వేసేసింది. పడవల మరమ్మతు ఆవిడకు ముప్ఫై ఏళ్ళ పని. కోడలు మాత్రం షెడ్డు గుమ్మంలోంచి లేవలేదు.

“రేవు దగ్గరపడేసరికి భయమేసి జోరు మొత్తం తగ్గించేశాను అత్తయ్యా. ఇక స్టీరింగ్ ఎంత తిప్పినా తిరగలేదు. తిన్నగా వెళ్ళి గుద్దేసింది.”

“తిరగదు మరి. దీనికి చుక్కాని ఉందా ఏమన్నానా? వెనక నీళ్ళు చిమ్ముతుంది. ఆ ధారనే మనం పక్కకు తిప్పుతాం. ధారే లేకపోతే ఇక దేన్ని తిప్పుతావు?”

“భయమేస్తే జోరు పిడి మీదున్న చెయ్యి దానంతటదే వెనక్కి వచ్చేస్తోంది.”

“ఆగాలంటే ధార వెనకున్న మూత, అదే బకెట్, దించు. ధారకు అడ్డం పడి పడవను వెనక్కి తోస్తుంది. అంతేగాని ఇంజను గొంతు నొక్కేస్తే ఎలా?”

“మీ అబ్బాయి ఇవన్నీ నాకు చెప్పలేదు.”

అత్తగారు గరుకు కాగితంతో అతుకు మీద ఇంకాసేపు రుద్దింది.

“చెబుదామనే అనుకుని ఉంటాడు,” అంది.

అతను పోయి నాలుగు నెలలు. జనాన్ని అవతలి ఒడ్డుకు చేర్చే ఆ పడవే ఇంటికి ఆధారం. నెలాఖరులోగా ఇంట్లో ఒకరికి లైసెన్సు రాకపోతే రేవు అనుమతి వేరేవాళ్ళకు వెళ్ళిపోతుంది. అత్తగారికి వయసు దాటింది. మిగిలింది కోడలే.

“నావల్ల కాదు. అమ్మేద్దాం,” అంది కోడలు.

రెండు రోజుల తర్వాత కోడలు పడవ ఎక్కేసరికి డ్రైవరు సీటు వెనక ఇంకో సీటు ఉంది. దాని ముందు ఇంకో స్టీరింగ్.

“ఇదెవరికి?”

“నాకు. నువ్వు తప్పు తిప్పితే నేను సరిచేస్తా. నేను తిప్పినట్టు నీ చేతికి తెలియను కూడా తెలియదు. జోరు మాత్రం నీ దగ్గరే ఉంటుంది. అది తగ్గించావంటే నాదీ పనిచేయదు, ఇద్దరం కలిసి రేవును గుద్దుతాం. నా ముసలి ఎముకలు నీ చేతిలో ఉన్నాయి, గుర్తుంచుకో.”

టికెట్ల గుమాస్తా గట్టు మీద నుంచి చూసి పడీపడీ నవ్వాడు.

“ఏమ్మా, ఇంట్లో చాలదని పడవలో కూడానా అత్తగారి పెత్తనం?”

“నీకూ ఒకటి బిగించమంటావా? ముందు నీ నోటికి,” అంది అత్తగారు.

మొదటి రోజు పడవ రేవు పక్కకు వంకరటింకరగా వచ్చినా తగలకుండా ఆగింది. కోడలు చెమట తుడుచుకుంది.

“మీరే తిప్పారు కదూ?”

“నాలుగుసార్లు,” అంది అత్తగారు.

మూడో రోజుకు అది రెండుసార్లయింది. వారం తిరిగేసరికి ఒక్కసారి. ఆ ఒక్కసారే కోడలికి ఒళ్ళు మండింది.

“ఇవాళ నేను సరిగ్గానే పట్టాను. మీరెందుకు ముట్టుకున్నారు?”

“కాస్త ఎడమకు లాగుతుంటేనూ.”

“లాగలేదు! నన్ను ఒక్క పనీ పూర్తిగా చేసుకోనివ్వరు మీరు. కూర ఉప్పు దగ్గర్నుంచీ ఇదే వరస.”

“ఉప్పు సంగతి ఇప్పుడెందుకే? సరే, రేపటి నుంచి ముట్టుకోను. చాలా?”

“చాలు!”

ఆ రాత్రి ఇద్దరూ మాట్లాడుకోకుండానే అన్నాలు తిన్నారు. అయినా కోడలు నాలుగు నెలల తర్వాత కడుపునిండా తినడం అత్తగారు గమనించింది.

పరీక్ష రోజు ఇన్‌స్పెక్టరు వస్తూనే వెనక సీటు చూశాడు.

“ఈవిడెవరు?”

“మా అత్తయ్యండీ.”

“దిగమనండి. పరీక్ష మీకు, ఆవిడకు కాదు.”

అత్తగారు గట్టెక్కింది. వెనక ఎవరూ లేని పడవ ఎంతో పొడుగ్గా కనిపించింది.

వెళ్ళేటప్పుడు ఇబ్బంది లేకపోయింది. తిరిగి వస్తుండగా రేవు ముందు చేపల పడవ ఒకటి అడ్డంగా వచ్చింది. కోడలి చెయ్యి వెనక్కి రాబోయింది. ఆమె పళ్ళు బిగించి, జోరు అలాగే ఉంచి, స్టీరింగ్ కుడికి తిప్పింది. పడవ చేపల పడవను మూరెడు దూరంలో దాటింది. తర్వాత బకెట్ దించింది. పడవ బుసకొడుతూ నెమ్మదించి, రేవు పక్కన చప్పుడు లేకుండా నిలబడింది.

“పాస్,” అన్నాడు ఇన్‌స్పెక్టరు. “ఇక పడవ తనిఖీ ఒక్కటీ చూసేస్తాను.”

కోడలు గట్టు మీదికి దూకింది.

“చూశారా అత్తయ్యా? మీ చెయ్యి పడకుండా తెచ్చాను!”

“చూశాను, చూశాను. నా ఉద్యోగం ఊడినట్టే.”

“ఏమీ ఊడదు. ఆ సీటు మీదే. ఊరికే కూర్చోండి, ఏదీ ముట్టుకోకుండా.”

“ఊరికేనా? నాకు కష్టమే,” అంది అత్తగారు. ఇద్దరూ నవ్వుకున్నారు. గుమాస్తా అప్పుడే కొత్త డ్రైవరమ్మకు టీ చెప్పాడు.

పడవలో ఇన్‌స్పెక్టరు వెనక సీటు కింది చెక్క ఎత్తి టార్చి వేశాడు. తలెత్తి గట్టు మీదున్న అత్తగారి వైపు చూశాడు. ఆవిడ పెదవుల మీద వేలు పెట్టింది.

ఆయన చెక్క మూసేసి, కాగితంలో ‘మిగిలిన పనులు’ అన్నచోట ఒక్క ముక్క రాశాడు.

వెనక స్టీరింగ్‌కు కేబుల్ ఇంకా కలపలేదు.