గాడిదమెట్ట మీద నీళ్ళ గ్లాసు

హలో, అందరికీ వినబడుతోందా? బాగున్నారా? మా ఇటలీలోని తోస్కానా కొండల్లోంచి ఒక చిన్న కథ పట్టుకొచ్చాను. నచ్చితే నలుగురికీ పంపండి. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, చివర్లో నేను అడ్డం రాకూడదని. ఇక వినండి.

"నాన్నా, మోటారు ఉందా?"

"కనబడట్లా? పెడళ్ళ దగ్గర కణితిలా ఉబ్బి ఉంది చూడు."

"బ్యాటరీ నిండిందా?"

"నిండుగా ఉంది. ఆకుపచ్చ లైటు కూడా వెలుగుతోంది. ఇంకేమన్నా అడుగుతావా, పోనిస్తావా?"

కూతురు మీరెల్లా సైకిలు మీదకి వంగబోయింది. ఇలారియో హ్యాండిల్ అటు తిప్పేశాడు.

ఆయనకి డెబ్బై మూడేళ్ళు. చలికాలంలో గుండె ఆపరేషన్ అయింది. మెల్లగా తొక్కొచ్చన్నాడు డాక్టరు. మీరెల్లా మాత్రం ఒప్పుకోలేదు. తండ్రి సన్న చక్రాల తేలిక సైకిలు ఎవరికో ఇచ్చేసి, మోటారున్న ఈ బరువు సైకిలు కొనిపెట్టింది. మోటారుతో అయితే తొక్కు, లేదా ఇంట్లో కూర్చో అంది. రెండు రోజులు అన్నం మానేసినంత పనిచేసి, మూడో రోజు సరేనన్నాడు ఇలారియో. ఛార్జింగు సంగతి మాత్రం తనే చూసుకుంటానన్నాడు. బ్యాటరీ ఛార్జింగుకి పెట్టే నేలమాళిగ ఆయన రాజ్యం. వేసవిలో పీపాలు కదపొద్దని, ఇప్పుడేమో ద్రాక్షరసం పొంగుతోంది, ఆ గాలికి తల తిరుగుతుందని కూతుర్ని మెట్ల దగ్గరే ఆపేసేవాడు.

ద్రాక్ష కోతలు అయిపోయి ఆలివ్ కాయలు రాల్చడం మొదలయ్యే ఆదివారం, ఊళ్ళో సైకిళ్ళ వాళ్ళంతా తెల్లదారి పట్టుకుంటారు. తోటల మధ్యగా పోయే కంకర దారి. ఆ రోజు అందులోకి కారు రానివ్వరు. చివర్లో గాడిదమెట్ట. ఆ మెట్ట మీద కాలు కిందపెట్టినవాడు పైన భోజనాల దగ్గర అందరికీ వైన్ పోసి, తను మాత్రం నీళ్ళు తాగాలి. ఎప్పటినుంచో అదే లెక్క.

"ఒరేయ్ ఇలారియో, ట్రాక్టరు తెచ్చావేంట్రా?" ఎట్టోరె అరిచాడు. నలభై ఏళ్ళుగా పక్క తోట, పక్క కుర్చీ, పక్కలో బల్లెం.

"నీలాంటి ఎరువు మోయాలిగా."

"మోటారోడికి పైన నీళ్ళే! కాలు పెట్టినా అంతే, పెట్టకపోయినా అంతే!"

"పోయరా, తాగుతా. నువ్వు మాత్రం పైదాకా రా ముందు."

అందరూ నవ్వారు. మీరెల్లాకి కళ్ళు చెమర్చాయి. ఒకప్పుడు ఈ మెట్ట మీద ఆయన్ని దాటినవాడు లేడు. అయినా మనిషి బతికుంటే చాలనుకుంది.

పొలం బండిలో రొట్టెలు, సూప్ గిన్నెలు వేసుకుని ఆమె పక్క దారిన మెట్ట పైకి చేరింది. రొట్టెలు కాల్చి, వెల్లుల్లి రాసి, ఆలివ్ నూనె పోస్తూ కిందకి చూస్తోంది. కుర్రాళ్ళు వచ్చారు. నడివయసు వాళ్ళు వచ్చారు. ఎట్టోరె సైకిలు తోసుకుంటూ వచ్చాడు.

"చైను జారింది," అన్నాడు ఎవరూ అడక్కుండానే.

అందరికంటే వెనక ఇలారియో. మొహం ద్రాక్షగుత్తిలా నల్లబడింది. చొక్కా పిండితే బకెట్టు నిండుతుంది. సైకిలు అటూ ఇటూ ఊగుతోంది. కాలు మాత్రం నేల తాకలేదు.

"నాన్నా! మోటారుండి కూడా ఇంత చెమటా? ఎంత మీద పెట్టావు?"

"ఉన్నదంతా పెట్టాను తల్లీ."

మీరెల్లా చేతిలో రొట్టె పక్కన పెట్టేసింది. మోటారు పూర్తిగా లాగుతుంటేనే ఇలా అయితే, ఆయన గుండెలో ఇక ఏం మిగిలింది?

"ఇదే ఆఖరు నాన్నా. రేపే అమ్మేస్తా."

"అమ్ము. నడిచి ఎక్కుతా. కాళ్ళు కూడా అమ్ముతావా?"

"నా మీద పంతమా?"

"నీ మీద కాదే. చావు మీద."

ఎట్టోరె నీళ్ళ గ్లాసు తెచ్చి ఎదురుగా పెట్టాడు. ఇలారియో దాన్ని పైకెత్తి అందరికీ చూపించి, ఒక్క గుక్కలో తాగి, గ్లాసు బల్ల మీద బోర్లించాడు.

"నీ గ్లాసేదిరా ఎట్టోరె? చైను జారినోడికి వైనా?"

బల్ల చుట్టూ నవ్వులే నవ్వులు. ఎట్టోరె కూడా నీళ్ళే తాగాడు.

తెల్లారి తలుపు తట్టింది ఎవరనుకున్నారు? ఎట్టోరె. టోపీ చేతిలో నలుపుతున్నాడు.

"అమ్మాయ్, సైకిలు అమ్ముతున్నావటగా. నా మోకాళ్ళు ఇక ఒప్పుకోవట్లేదు. ఎవరికీ చెప్పకు."

"తీసుకెళ్ళు బాబాయ్. ఆయన్ని నేను చూసుకుంటా."

పెరట్లో ఆలివ్ చెట్ల కింద వల పరుస్తున్న ఇలారియో తల ఎత్తలేదు. "బేరం కుదిరిందా?" అన్నాడంతే.

"బ్యాటరీ కూడా ఇవ్వాలమ్మాయ్," ఎట్టోరె సైకిలు ఎత్తబోయి మూలిగాడు. "అది లేకుండా ఈ ఇనుప గాడిదని కుర్రాడు కూడా మెట్ట ఎక్కించలేడు."

"రాత్రి ఛార్జింగుకి తీసి పెట్టుంటాడు. ఉండు, తెస్తా."

తండ్రి వద్దనలేదు. మీరెల్లా నేలమాళిగ మెట్లు దిగింది. పీపాల వెనక మూల ఆకుపచ్చ లైటు వెలుగుతోంది. చెయ్యి చాపబోయి ఆగిపోయింది.

బ్యాటరీకీ గోడకీ మధ్య దట్టంగా సాలెగూడు అల్లుకుని ఉంది.