పదకొండు గంటల మనిషి

"మీ అమ్మాయి లైబ్రరీ తలుపుకి అడ్డంగా నిలబడింది. ఎవ్వర్నీ లోపలికి పోనివ్వట్లేదు. మీరు వెంటనే రండి," అంది హెడ్‌మిస్ట్రెస్ ఫోన్‌లో.

"ఏమైందండీ?"

"కిటికీకి కందిరీగలు తుట్టె పెట్టాయి. నిన్న ఇద్దరు పిల్లల్ని కుట్టాయి. పదకొండింటికి మనిషొచ్చి వాటిని చంపేస్తాడని ఆయా నోరు జారింది. అంతే, మీ పిల్ల ఉడుంపట్టు పట్టింది!"

తండ్రి ఫోన్ పెట్టేశాడు. పొద్దుటి నుంచి దేనికి భయపడుతున్నాడో అదే అయింది.

కూతుర్ని ఇంట్లో మిడత అంటారు. కాలు ఒకచోట నిలవదు, నోటికి తాళం లేదు. చీమల బారు కనిపిస్తే ఆగి దారిస్తుంది. బొద్దింకను కాగితం మీద ఎక్కించుకుని వీధి చివర దిగబెట్టి వస్తుంది. "మీ తండ్రీకూతుళ్ళ జీవకారుణ్యానికి నా వంటిల్లే దొరికిందా?" అని తల్లి నెత్తి కొట్టుకుంటుంది.

నేర్పిందంతా తండ్రే. పని నుంచి రాగానే మోచేతుల దాకా రెండుసార్లు సబ్బు రుద్దుకుంటాడు. ఆ తర్వాతే పిల్లను ఒళ్ళో కూర్చోబెట్టుకుంటాడు. "మనం పొయ్యలేని ప్రాణం మనం తియ్యకూడదమ్మా" అని చెబుతాడు. మొక్కై వంగనిది మానై వంగదంటారు. ఈ మొక్క కాస్త ఎక్కువే వంగింది.

ఆయన కాలుగాలిన పిల్లిలా వరండాలో నాలుగుసార్లు తిరిగి, ఆ మనిషిని పంపే కంపెనీకి ఫోన్ చేశాడు.

"ఇవాళ్టికి ఈ పని ఆపండి సార్. మా పిల్ల అక్కడే ఉంది."

"కుదరదయ్యా. పిల్లల్ని కుట్టాయంటున్నారు."

"పోనీ సాయంత్రం? బడి వదిలాక?"

"పదకొండంటే పదకొండే."

దారిలో ప్రతి సిగ్నలూ ఎరుపే. స్కూటరు మీద కూర్చుని గోళ్ళు కొరుక్కున్నాడు. ఆ పదకొండు గంటల మనిషి సంగతి ఆయనకు బాగా తెలుసు. పావుగంటలో పని ముగిస్తాడు. కింద రాలినవాటిని చీపురుతో ఊడ్చి మూట కడతాడు. వెనక్కి తిరిగి చూడడు. ఆ మనిషి తన కూతురి కంట పడకూడదు. ఆయనకు అదొక్కటే భయం.

మిడత తలుపుకి వీపు ఆనించి, చేతులు బార్లా చాపి నిలబడి ఉంది. ఏడ్చి ఏడ్చి ముక్కు ఎర్రబడింది. తండ్రిని చూడగానే మొహం విప్పారింది.

"నాన్నా, వాడు రాలేదుగా?"

"ఇంటికి పోదాం రా తల్లీ." ఆయన చెయ్యి చాపాడు.

"నేను రాను! ప్రాణం తియ్యకూడదని నువ్వేగా చెప్పావు!"

హెడ్‌మిస్ట్రెస్ గడియారం వైపు చూసింది. "పదకొండు దాటింది. ఆ మనిషి ఇంకా రాలేదేం?"

తండ్రి తల దించుకున్నాడు. భుజానికున్న సంచి పట్టీని గట్టిగా పట్టుకున్నాడు.

మిడత కళ్ళు తుడుచుకుని, తలుపు దగ్గర్నుంచి పక్కకు తప్పుకుని, గర్వంగా అంది. "ఇంక వాడు రానక్కర్లేదు మేడమ్, రోజూ ఇంటింటికీ వెళ్ళి పురుగులకు మందు వేసే డాక్టరు మా నాన్నే!"